వానలో నడవడానికి అనువుగా, కార్యాలయంలో హుందాగా ఉండే బూట్లు: ఏం చూసి ఎంచుకోవాలి?

పాదచారి:

సభ్యులందరికీ నమస్కారం. నేను ఉదయం ముప్పావు గంట, సాయంత్రం ముప్పావు గంట నడిచి ఉద్యోగానికి వెళ్లి వస్తాను. వాన పడినంత మాత్రాన నడక మానుకోవడం నాకు ఇష్టం ఉండదు కాబట్టి గొడుగు వేసుకుని బయలుదేరుతాను. చిక్కల్లా బూట్లతోనే వస్తోంది. ఇప్పుడు నా దగ్గర ఉన్నవి తోలు సోలు ఉన్న నల్లని బూట్లు. చూడటానికి ఎంతో బాగుంటాయి గానీ, ఓ మోస్తరు వానలో సగం దూరం వెళ్లేసరికి మేజోళ్లు తడిసిపోతాయి. పోయిన వారం కార్యాలయం ముఖద్వారం దగ్గర నున్నటి రాతి పలకల మీద కాలు జారితే, తలుపు పిడి చేతికి అందబట్టి పడిపోకుండా నిలదొక్కుకున్నాను.

ఆటల బూట్లు వేసుకుని వెళ్లి అక్కడ మార్చుకోవచ్చు కదా అని ఇంట్లోవాళ్లు అంటున్నారు. రోజూ రెండు జతల భారం మోయడం నాకు కుదరదు. ప్యాంటు, చొక్కాతో నప్పేలా ఉండి, గంటన్నర నడిచినా పాదం నొప్పి పెట్టకుండా, తడిలో జారకుండా ఉండే ఒకే ఒక జత దొరుకుతుందా? దుకాణంలో పెట్టె మీద ‘వాటర్‌ప్రూఫ్’ అని కనిపిస్తే దాన్ని నమ్మి కొనవచ్చా?

తోలుపని:

పాదచారి గారూ, ఇరవై ఏళ్లకు పైగా బూట్లు బాగుచేసే పనిలో ఉన్నాను కనుక నా బల్ల మీదకు వచ్చిన జతలను బట్టి చెబుతాను. తడిసిపోయాయని తెచ్చిన బూట్లలో పైతోలు గుండా నీళ్లు దూరినవి చాలా తక్కువ. నీళ్లు వచ్చే దారులు ముఖ్యంగా మూడు: సోలు, సోలుకూ పైతోలుకూ మధ్య ఉన్న అతుకు, లేసుల కింద ఉండే నాలుకకు రెండు పక్కలా ఉన్న సందులు. కొనేవారు మాత్రం పైతోలునే తడిమి, మెరుపు చూసి, వంచి పరీక్షించి తీసుకువెళతారు. బూటును తిరగేసి చూసేవారు పదిమందిలో ఒకరు కూడా ఉండరు.

మీ విషయంలో మొదటి దోషి తోలు సోలే. తోలు నీటిని పీల్చుకుంటుంది, పీల్చుకుని మెత్తబడుతుంది, మెత్తబడినది రెండింతలు వేగంగా అరిగిపోయినట్టు కనిపిస్తుంది. పైగా తడిసిన తోలు నున్నటి రాయి మీద ఏమాత్రం పట్టు ఇవ్వదు. అందుకే వాన కోసమని కొనే జతకు రబ్బరు సోలు ఉండి తీరాలి, మిగతా ఏ గుణమైనా దాని తరువాతిదే.

రెండోది, సోలును పైభాగానికి ఎలా కలిపారన్నది. కొన్ని బూట్లలో దారం లోపలి సోలు నుంచి నేరుగా బయటి సోలు దాకా దిగుతుంది. దీన్ని బ్లేక్ కుట్టు అంటారు. బూటు సన్నగా, నాజూకుగా, సులభంగా వంగేలా ఉంటుంది. కాని ఆ దారమే దీపపు వత్తిలా పనిచేసి కింది తడిని పాదం దాకా లాగుతుంది. గుడ్‌ఇయర్ వెల్ట్ అనే పద్ధతిలో చుట్టూ ఒక తోలు పట్టీ వేసి, పైతోలును ఆ పట్టీకి ఒక కుట్టుతోనూ, పట్టీని బయటి సోలుకు వేరే కుట్టుతోనూ కలుపుతారు కాబట్టి, నేలను తాకే కుట్టు బూటు లోపలికి రానే రాదు. ఆ పట్టీ అంచు పైకి లేచి పైతోలును కరుచుకుని ఉంటే దాన్ని స్టార్మ్ వెల్ట్ అంటారు. వానలో నడిచేవారికి అంతకంటే మంచి అతుకు నేను చూడలేదు. జిగురుతో అంటించిన రబ్బరు సోలు కూడా కొత్తలో నీటిని బాగానే ఆపుతుంది. బొటనవేలి దగ్గర వంగే చోట జిగురు వదిలిన రోజునుంచి అది జల్లెడే.

ఒక ముచ్చట చెప్పి ముగిస్తాను. రబ్బరును గంధకంతో వేడిచేసి గట్టిపరిచే విధానాన్ని 1839లో కనిపెట్టినది చార్లెస్ గుడ్‌ఇయర్ అయితే, ఈ వెల్ట్ కుట్టు యంత్రానికి పేరు తెచ్చినది ఆయన కొడుకు. వానలో పొడిగా నడవడానికి కావలసిన రెండూ ఒకే ఇంటి పేరు మీద ఉన్నాయన్నమాట.

నీటిబొట్టు:

తోలుపని గారి అనుభవానికి నమస్కరిస్తూనే ఒక మాట. ఇంత కుట్టు శాస్త్రం తెలుసుకోకుండానే సమస్య తీరే దారి ఒకటి ఉంది. లోపల జలనిరోధక పొర ఉన్న బూట్లు కొనుక్కోవడమే ఆ దారి. 1969లో బాబ్ గోర్ వేడెక్కిన పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్ అనే ప్లాస్టిక్) కడ్డీని మెల్లగా కాకుండా ఒక్క ఊపున లాగితే, అది తెగకుండా ఎన్నో రెట్లు సాగి, కంటికి కనిపించని రంధ్రాలున్న పలుచని పదార్థంగా మారింది. గోర్‌టెక్స్ పొర అలా పుట్టింది. ఆ రంధ్రాలు నీటి బొట్టు దూరలేనంత చిన్నవి, చెమట ఆవిరి బయటికి పోగలిగేంత పెద్దవి. ఒకప్పుడు ఈ పొర కొండలెక్కే బూట్లలోనే ఉండేది. ఇప్పుడు మామూలు నల్ల లేసుల బూట్లలోనూ వస్తోంది, పక్కనుంచి చూస్తే తేడా కూడా తెలియదు. నేను నాలుగు వానాకాలాలుగా అలాంటివే వాడుతున్నాను. మేజోళ్లు తడిసిన రోజు లేదు.

మెట్లదారి:

నీటిబొట్టు గారు చెప్పినది అబద్ధం కాదు, అయితే అది సగమే. ఆ పొర బూటు లోపల మేజోడు ఆకారంలో కుట్టిన సంచి. నీరు పక్కలనుంచి రాకుండా ఎంత గట్టిగా ఆపుతుందో, చీలమండ దగ్గర పై అంచు మీదుగా ఒక్కసారి లోపలికి పోయిన నీటిని బయటికి వెళ్లనివ్వకుండా అంతే గట్టిగా ఆపుతుంది. లోతు తెలియక ఒక గుంటలో అడుగు వేసిన రోజు ఇది అర్థమవుతుంది. పొర లేని తోలు బూటు మర్నాటికో ఎల్లుండికో ఆరింది, పొర ఉన్నది మూడో రోజు కూడా లోపల చెమ్మగానే ఉంది.

ఇంకొకటి, పైతోలు నీటితో నిండిపోయినప్పుడు ఆవిరి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. అప్పుడు పొర బాగానే ఉన్నా, మన చెమటే లోపల చేరి బూటు కారుతోందేమో అనిపిస్తుంది. వేడిగా ఉండే వానకాలంలో ఇది మరీ ఎక్కువ. చల్లని వాతావరణంలో, నిలకడైన చినుకుల్లో నడిచేవారికి పొర నిజంగా వరమే. ఉక్కపోతలో హఠాత్తుగా కురిసి ఆగిపోయే వానలో నడిచేవారికి త్వరగా ఆరే బూటే ఎక్కువ మేలు చేస్తుంది. పొర అరిగి వేళ్ల మడత దగ్గర చిల్లు పడితే దాన్ని బాగుచేసే మార్గం కూడా లేదు.

నీటిబొట్టు:

ఉక్కపోత సంగతి ఒప్పుకుంటున్నాను. మా దగ్గర వాన చల్లగా, సన్నగా, రోజంతా పడుతుంది. నా మాటను ఆ మేరకే తీసుకోగలరు.

తొలకరి:

అందరూ నీళ్లు లోపలికి రావడం గురించే మాట్లాడుతున్నారు. పాదచారి గారు కాలు జారిన సంగతి చర్చలో జారిపోయింది. మేజోళ్లు తడిస్తే చిరాకు కలుగుతుంది, కాలు జారితే ఎముక విరుగుతుంది. నేను సోలు గురించే మాట్లాడతాను, కాస్త పొడవైనా ఓపిక పట్టండి.

తడి నేల మీద కాలు జారేది సోలుకూ నేలకూ మధ్య పలుచని నీటి పొర నిలిచిపోవడం వల్ల. అడుగు పడిన ఆ రెప్పపాటులో సోలు ఆ నీటిని పక్కలకు నెట్టివేసి, రబ్బరు నేలను నేరుగా తాకాలి. నీరు పోవడానికి దారులూ, నీటి పొరను కోసే పదునైన అంచులూ ఉన్నప్పుడే అది జరుగుతుంది. అమెరికాలో పాల్ స్పెర్రీ అనే ఆయన తడిసిన పడవ మీద జారిపడి, ఆ తరువాత తన కుక్క మంచు మీద తడబడకుండా పరుగెత్తడం చూసి, దాని అరికాళ్లలో ఉన్న సన్నని గాట్లను పోలిన గాట్లను రబ్బరు సోలులో కోశారు. 1935లో వచ్చిన పడవ బూట్లు ఆ ఆలోచన ఫలితమే. ఆ గాట్లు లోతైనవి కావు, నిలబడి ఉన్నప్పుడు దాదాపు మూసుకుని ఉంటాయి, పాదం వంగినప్పుడు తెరుచుకుంటాయి.

దీనికి పూర్తిగా వేరు జాతి కొండ బూట్ల సోలు. 1935లో ఆల్ప్స్ పర్వతాలలో ఆరుగురు సహచరులు చనిపోయాక, అనువైన బూట్లు లేకపోవడం కూడా ఆ ప్రమాదానికి కారణమని భావించిన విటాలే బ్రమానీ లోతైన దిమ్మెలున్న రబ్బరు సోలును తయారుచేసి 1937లో మార్కెట్లోకి తెచ్చారు. విబ్రామ్ అనే పేరు ఆయన పేరులోని అక్షరాలతో వచ్చినదే. బురదలో, గులకరాళ్లలో దానికి సాటి లేదు. అయితే చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది: దిమ్మెలు ఎంత లోతుగా ఉంటే తడిలో అంత పట్టు ఉంటుందని అనుకుంటారు. నున్నటి తడి పలకల మీద కావలసింది లోతు కాదు, నేలను తాకే రబ్బరు వైశాల్యం. దిమ్మెలు దూరదూరంగా ఉన్న సోలు రాతి పలకను నాలుగైదు చోట్లనే తాకుతుంది, పైగా సందుల్లో ఇరుక్కున్న బురద కార్యాలయం తివాచీ మీద రాలుతుంది. నగరంలో నడిచేవారికి చదునైన రబ్బరులో చిన్న చిన్న గుండ్రని బుడిపెలు లోపలికి దిగి ఉండే డైనైట్ తరహా సోలు, లేదా సన్నని అలల గాట్లున్న సోలు సరిపోతుంది. పక్కనుంచి చూస్తే గాట్లు కనబడవు కనుక హుందాతనం కూడా చెడదు. ఆ బుడిపెల సోలు అన్నింటికీ మందు అని మాత్రం అనుకోకండి, గట్టి రబ్బరుతో చేసినది నున్నటి పలకల మీద నన్ను ఒకసారి జార్చింది.

అందుకే రబ్బరు మెత్తదనం కూడా చూడాలి. గోటితో గట్టిగా నొక్కితే కాస్త లోపలికి దిగి మళ్లీ లేవాలి. గాజులా గట్టిగా, మెరుస్తూ ఉంటే పక్కన పెట్టేయండి. మెత్తని రబ్బరు త్వరగా అరుగుతుంది, ఆ నష్టాన్ని భరించక తప్పదు. చలి ఎక్కువైన చోట రబ్బరు మరింత బిగుసుకుంటుంది కాబట్టి దుకాణంలో వెచ్చగా ఉన్నప్పుడు దొరికిన పట్టు బయట దొరకకపోవచ్చు.

అంకెలు కావాలనుకునేవారికి ఒక ఆధారం ఉంది. పని బూట్లకు యూరోపులో జారుడు పరీక్ష ఉంటుంది. పాత పద్ధతిలో ఎస్‌ఆర్‌ఏ గుర్తు అంటే సబ్బు నీరు పోసిన పింగాణీ పలక మీద, ఎస్‌ఆర్‌బీ అంటే గ్లిజరిన్ పూసిన ఉక్కు మీద, ఎస్‌ఆర్‌సీ అంటే రెండింటి మీదా నెగ్గినట్టు. కొత్త ప్రమాణంలో ఈ గుర్తులు మారాయి. ఆసుపత్రులలో, పెద్ద వంటశాలలలో పనిచేసేవారి కోసం చేసే సాదా నల్ల బూట్లలో ఈ గుర్తు ఉన్నవి దొరుకుతాయి, వాటిలో కొన్ని కార్యాలయానికి కూడా చక్కగా నప్పుతాయి.

సందేహి:

ఈ చర్చ అంతా పురుషుల బూట్ల చుట్టూనే తిరుగుతోంది. నాదీ పాదచారి గారి సమస్యే, కాకపోతే స్త్రీల విభాగంలో హుందా అనగానే కాగితమంత సోలు, వేళ్ల మొదలు దాకా తెరిచి ఉన్న పైభాగం, ముందు సూది మొన. వాటిలో గంటన్నర నడక సంగతి అటుంచి, వానలో వీధి దాటడమే కష్టం. లేసులు లేకుండా చీలమండ దాకా ఉండే చెల్సీ బూట్లు కొందామని చూస్తున్నాను. పక్కన ఉన్న సాగే పట్టీ గుండా నీళ్లు వస్తాయా? నునుపు తోలు మంచిదా, నూగు ఉండే స్వేడ్ తోలు మంచిదా?

తోలుపని:

సందేహి గారూ, చెల్సీ మంచి ఎంపిక. నాలుక లేదు, లేసుల కన్నాలు లేవు, కాబట్టి ముందువైపు నీరు దూరే సందులు లేవు. సాగే పట్టీ మాత్రం గుడ్డే. చినుకులకు ఏమీ కాదు, పట్టీ మొదలు ఎంత ఎత్తులో ఉందో చూసుకోండి. సోలు నుంచి మూడు వేళ్లకు పైన మొదలయ్యేది తీసుకుంటే చిన్న గుంటలకు భయపడనక్కరలేదు. ఆ పట్టీ వదులైపోయాక మడమ లోపల ఊగడం మొదలవుతుంది, వేరే పట్టీ వేయించుకోవచ్చు.

తోలు విషయానికి వస్తే, నేను ముందుగా సూచించేది గరుకు గింజల అచ్చు వేసిన తోలు. అద్దంలా మెరిసే నునుపు తోలు మీద ప్రతి వాన చుక్కా మచ్చగా మిగులుతుంది, గింజల తోలు మీద ఆ మచ్చలు కళ్లకు కనబడవు. నూనె, మైనం బాగా పట్టించిన తోలు నీటిని ఇంకా బాగా ఆపుతుంది గానీ మెరుపు రాదు. గుర్రపు తోలుతో చేసే కార్డోవన్ ఎంతో ఖరీదైనది, గట్టిది కూడా, కాని చినుకు పడిన చోట చిన్న పొక్కులా లేస్తుంది, బ్రష్‌తో రుద్ది అణచాలి. స్వేడ్ మీద జనానికి ఉన్న భయం అవసరానికి మించినదని నా అభిప్రాయం. నీటిని తిప్పికొట్టే ద్రవం చల్లి, ఆరాక బ్రష్ చేస్తే అది తేలికపాటి వానను బాగానే తట్టుకుంటుంది. దానికి శత్రువు నీరు కాదు, బురద. మెరుపు పూత వేసిన పేటెంట్ తోలు నీటిని లోపలికి రానివ్వదు, గాలినీ రానివ్వదు, పూత పగిలిందంటే బాగుచేయలేం.

ఆ చల్లే ద్రవాల విషయంలో ఒక హెచ్చరిక. పాతవాటిలో ఫ్లోరిన్ సమ్మేళనాలు ఉండేవి. వాటిలో ఒకటైన పీఎఫ్‌ఓఏను 2019లో హానికర రసాయనాలపై ఉన్న అంతర్జాతీయ స్టాక్‌హోం ఒప్పందం నిషేధిత జాబితాలో చేర్చింది. ఇప్పుడు ఫ్లోరిన్ లేనివి దొరుకుతున్నాయి, అవే కొనండి. ఏది చల్లినా గాలి ఆడే చోటనే చల్లండి.

లేసుల బూట్లు కావాలనుకునేవారు నాలుకను రెండు పక్కలా పైతోలుతో మడత పెట్టి కుట్టారో లేదో చూడండి. ఈ ఒక్కటి ఉంటే వానలో బూటు సామర్థ్యం చాలా పెరుగుతుంది.

పాదచారి:

అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు కొలత గురించి అడుగుతున్నాను. తడిసి బిగుసుకుంటాయని ఒక సైజు పెద్దది తీసుకోమని ఒకరన్నారు, తోలు సాగుతుంది కాబట్టి బిగువుగా ఉన్నది తీసుకోమని ఇంకొకరన్నారు. ఎవరి మాట వినాలి?

మెట్లదారి:

ఇద్దరి మాటా వినకండి. తోలు అడ్డంగా కొంత సాగుతుంది, నిలువుగా సాగదు. పొడవు చాలని బూటు ఎప్పటికీ చాలదు. బ్రిటిష్ కొలతలో ఒక సైజుకూ తరువాతి సైజుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు 8.5 మిల్లీమీటర్లు. యూరోపు కొలతలో ఒక్కో అంకెకు 6.7 మిల్లీమీటర్లు. అంత తేడాతో పెద్దది తీసుకుంటే మడమ ప్రతి అడుగుకూ లేచి పడుతుంది, తడిసిన మేజోడుతో అది గంటలో బొబ్బ అవుతుంది.

పాదాలు సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయి కాబట్టి సాయంత్రం వేళ, వానలో వేసుకునే మేజోళ్లతోనే వెళ్లి చూసుకోండి. రెండు పాదాలూ సమానంగా ఉండవు, పెద్దదాన్ని బట్టి తీసుకోండి. నిలబడినప్పుడు పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పులో ముప్పాతిక భాగమైనా ఖాళీ ఉండాలి. పాదం వంగే చోటే బూటు కూడా వంగాలి. ఈ చివరి పరీక్షను ఎవరూ చేయరు, పాదం నొప్పికి చాలాసార్లు కారణం మాత్రం అదే. మీలాగా ఎక్కువ దూరం నడిచేవారికి లేసుల రెక్కలు పైకి తెరుచుకునే డెర్బీ తరహా మేలు, పాదం ఉబ్బినప్పుడు సడలించుకోవచ్చు. రెక్కల కింది భాగం కుట్టేసి ఉండే ఆక్స్‌ఫర్డ్ తరహాలో ఆ వెసులుబాటు తక్కువ.

మేజోళ్లు నూలువి వద్దు. నూలు తడిని పట్టుకుని వదలదు. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా చర్మానికి తడి తెలియనివ్వదు. పలుచని ఉన్ని మేజోళ్లు ప్యాంటు కింద మామూలువాటిలాగే కనిపిస్తాయి.

గొడుగు:

పై చర్చ అంతా చదివాను. నేను పాత తోలు బూట్ల మీదనే రబ్బరు తొడుగు వేసుకుని వెళ్లి, కార్యాలయంలో విప్పి సంచిలో పెట్టేస్తాను. చూసినవాళ్లు నవ్వుతారు. బూట్లు మాత్రం పొడిగా ఉంటాయి.

సందేహి:

తొడుగులతో ముప్పావు గంట నడిచి చూశాను, లోపల చెమట పట్టి పాదం ఉడికిపోయింది. కారు దిగి లోపలికి వెళ్లేవారికి అవి సరిపోతాయేమో.

ఇంకొక సంగతి అడగాలి. తడిసిన బూట్లను హీటర్ ముందు పెట్టి ఆరబెడుతున్నాను, గంటన్నరలో ఆరిపోతాయి. తప్పా?

తోలుపని:

తప్పే. తడి తోలు పొడి తోలు కంటే తక్కువ వేడికే ముడుచుకుంటుంది, ఒకసారి ముడుచుకుని గట్టిపడినది మళ్లీ మునుపటి స్థితికి రాదు. వేళ్ల మడత దగ్గర పగుళ్లతో నా దగ్గరికి వచ్చే బూట్లలో ఎక్కువ భాగం వేడికి బలైనవే. లోపల వార్తాపత్రిక కాగితాలు ఉండలు చేసి కూరండి, గంటకు ఒకసారి తడి కాగితం తీసి పొడిది పెట్టండి. సోలుకు కూడా గాలి తగిలేలా బూటును పక్కకు వాల్చి ఉంచండి. ఫ్యాను గాలి మంచిదే. పూర్తిగా ఆరాక క్రీము పట్టించండి. ఒకే జతను వరుసగా రెండు రోజులు వేసుకోకపోతే దాని ఆయుష్షు బాగా పెరుగుతుంది. పాదచారి గారు ఒకే జత చాలన్నారు, వానకాలంలో మాత్రం అది సాగదు.

నీటిబొట్టు:

బీరువాలో దాచుకునేవారికి నా అనుభవం ఒకటి. పాలియురెథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్ సోలు ఉన్న జతను పాడవకూడదని ఆరేళ్లు పెట్టెలోనే ఉంచాను. వేసుకుని పది నిమిషాలు నడిచేసరికి సోలు రొట్టె ముక్కలా పొడిపొడిగా రాలిపోయింది. గాలిలోని తేమ ఆ పదార్థపు బంధాలను లోపలినుంచి నెమ్మదిగా తెంచుతుందట. వాడుతున్న బూట్ల కంటే దాచిన బూట్లకే ఈ ముప్పు ఎక్కువ. రబ్బరుకు ఈ బాధ లేదు. తక్కువ ధరకు వస్తున్నాయని పాత నిల్వ కొనేటప్పుడు తయారైన ఏడాది చూసుకోండి.

పాదచారి:

ఐదు వారాల తరువాత తిరిగి వస్తున్నాను. గింజల తోలు, స్టార్మ్ వెల్ట్, రెండు పక్కలా కుట్టిన నాలుక, సన్నని గాట్లున్న మెత్తని రబ్బరు సోలు ఉన్న నల్లని డెర్బీ జత తీసుకున్నాను. పొర ఉన్నది తీసుకోలేదు, మాది ఉక్కపోత వాన. మొదటి పది రోజులు మడమ దగ్గర గట్టిగా ఉండి బాధపెట్టాయి, ఇప్పుడు సర్దుకున్నాయి. ఒక రోజు వాన మరీ గట్టిగా పడినప్పుడు మేజోళ్ల పైభాగం తడిసింది. చూస్తే ఆ నీరు ప్యాంటు అంచు నుంచి కారినది, బూటు తప్పేమీ లేదు. ముఖద్వారం పలకల మీద ఇప్పటిదాకా కాలు జారలేదు.

తోలుపని గారి మాట విని రెండో జత గురించి ఆలోచిస్తున్నాను. నా పాత తోలు సోలు బూట్లకు కింద పలుచని రబ్బరు పలక అంటించి వాడుకోవచ్చా?

తోలుపని:

వాడుకోవచ్చు. సోలు ముందు భాగానికి రెండు మిల్లీమీటర్ల రబ్బరు పలక వేస్తే జారుడూ తగ్గుతుంది, నీరు పీల్చడమూ తగ్గుతుంది. మడమకు కూడా రబ్బరు ఉందో లేదో చూసుకోండి, నడకలో ముందుగా నేలను తాకేది అదే. అంటించే ముందు సోలు పూర్తిగా ఆరి ఉండాలి, చెమ్మ ఉంటే జిగురు నెల తిరగకుండానే వదిలేస్తుంది. కాబట్టి వాన లేని రోజులు ఓ మూడు నాలుగు చూసుకుని, అప్పటిదాకా వాటిని వేసుకోకుండా ఉంచి, ఆ తరువాత ఇవ్వండి. అంచు కుట్టు మాత్రం పాతదే కాబట్టి ఆ జతను చినుకుల రోజులకు ఉంచుకుని, జడివానకు కొత్తవి వేసుకోండి.

పాదచారి:

అలాగే చేస్తాను. ఈ ఆదివారం నుంచి పాతవాటిని కాగితాలు కూరి గాలికి పెడుతున్నాను.